పగలు ఉద్యోగం, సాయంత్రం ఫుట్‌బాల్: చిన్న లీగ్ క్లబ్బుల ట్రైనింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

శనివారం మధ్యాహ్నం నిండిన స్టేడియంలో గోల్ కొట్టిన ఆటగాడు సోమవారం తెల్లారేసరికి చెత్త లారీ స్టీరింగ్ పట్టుకుని కనిపిస్తాడు. టీవీలో పెద్ద లీగులు మాత్రమే చూసే మనకు ఇది నమ్మశక్యంగా ఉండదు కానీ, బ్రిటన్‌లో కింది లీగుల్లో ఇది మామూలు విషయం. చదువు కోసమో ఉద్యోగం కోసమో అక్కడికి వెళ్లి, ఇంటి దగ్గర్లోని చిన్న క్లబ్‌ మీద ఇష్టం పెంచుకున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు మొదట వచ్చే సందేహాలు ఇవి.

ఉదాహరణలు ఎక్కువగా స్కాట్లాండ్ నుంచే ఇచ్చాను. అక్కడ నాలుగు డివిజన్లలో కలిపి 42 క్లబ్బులు ఉన్నాయి. పైన 12, దాని కింద మూడు డివిజన్లలో పదేసి. ఫుల్ టైమ్ జట్టూ, పార్ట్ టైమ్ జట్టూ ఒకే డివిజన్‌లో, ఒకే పాయింట్ల పట్టికలో ఉంటాయి. పోల్చి చూడటానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

పార్ట్ టైమ్ క్లబ్ అంటే సరదాగా ఆడుకునేవాళ్లా?

కాదు. వాళ్లకూ కాంట్రాక్ట్ ఉంటుంది, జీతం ఉంటుంది, సరిగ్గా ఆడకపోతే తీసేయడమూ ఉంటుంది. తేడా అంతా పగటిపూట ఎక్కడ గడుస్తుందన్న దగ్గరే. ఫుల్ టైమ్ ఆటగాడికి ఫుట్‌బాలే ఉద్యోగం. వారానికి నాలుగైదు రోజులు పొద్దున్నే క్లబ్‌కి వస్తాడు, ట్రైనింగ్, జిమ్, మధ్యాహ్న భోజనం, వీడియో చూడటం అన్నీ అక్కడే. పార్ట్ టైమ్ ఆటగాడు ఎలక్ట్రీషియన్ కావచ్చు, టీచర్ కావచ్చు, బ్యాంకులో పనిచేస్తూ ఉండొచ్చు. పని ముగించుకుని మంగళవారం, గురువారం సాయంత్రం మైదానానికి వస్తాడు. గంటన్నర, మహా అయితే రెండు గంటలు. శనివారం మ్యాచ్.

అమెచ్యూర్ అనేది వేరే. అక్కడ జీతమే ఉండదు. 1867లో పుట్టిన గ్లాస్గో క్లబ్ క్వీన్స్ పార్క్ నూటయాభై ఏళ్లకు పైగా ఆటగాళ్లకు జీతం ఇవ్వకుండానే ఆడింది. 2019 నవంబర్‌లో సభ్యులు ఓటు వేసి ఆ పద్ధతికి ముగింపు పలికారు.

వారానికి రెండు సాయంత్రాలు ఏం సరిపోతాయి?

అన్నింటికీ సరిపోవు. అందుకే పార్ట్ టైమ్ కోచ్ పని ఫుల్ టైమ్ కోచ్ పనికన్నా కష్టమని నేను గట్టిగా నమ్ముతాను. అతని చేతిలో ఉండేది మూడు నాలుగు గంటలు. అందులో వార్మప్‌కి పోయేది పోగా, ఆటగాళ్లలో ఒకరిద్దరు ట్రాఫిక్‌లో చిక్కుకుని ఆలస్యంగా వస్తారు, ఒకరు నైట్ షిఫ్ట్‌లో ఉండి రాలేరు. డిసెంబర్‌లో స్కాట్లాండ్‌లో నాలుగు కాకుండానే చీకటి పడుతుంది కాబట్టి అంతా ఫ్లడ్‌లైట్ల కిందే. నేల గడ్డకట్టిందంటే అదీ లేదు. ఇక వారం మధ్యలో, మంగళవారం మ్యాచ్ పడితే ఆ వారానికి మిగిలేది ఒక్క గురువారమే.

అందరూ ఫిట్‌నెస్ తగ్గుతుందనుకుంటారు. కొంత నిజమే కానీ, రన్నింగ్, జిమ్ ఎవరికి వాళ్లు విడిగా చేసుకోవచ్చు. అసలు నష్టం తప్పు దిద్దుకునే అవకాశం పోవడం. శనివారం డిఫెన్స్‌లో ఒక పొరపాటు జరిగిందనుకోండి. ఫుల్ టైమ్ జట్టు సోమవారం వీడియో చూస్తుంది, మంగళవారం నెమ్మదిగా నడిచి చూస్తుంది, గురువారం వేగంగా ఆడి చూస్తుంది, శుక్రవారం మళ్లీ గుర్తు చేసుకుంటుంది. పార్ట్ టైమ్ జట్టు మంగళవారం మాట్లాడుకుంటుంది, గురువారం ఒకసారి ప్రయత్నిస్తుంది, అంతే. అందుకే తెలివైన పార్ట్ టైమ్ కోచ్‌లు కొత్త వ్యూహాల జోలికి పోరు. ఒకే ఫార్మేషన్, ఒకే పద్ధతి, ఏళ్ల తరబడి. కార్నర్లు, ఫ్రీ కిక్‌లు, త్రోలు, ఇలా నిలబడి ప్రాక్టీస్ చేయగలిగేవాటి మీదే ఎక్కువ సమయం పెడతారు.

2025 జనవరిలో ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్‌లో టామ్‌వర్త్, టోటెన్‌హామ్ మ్యాచ్ చూసినవాళ్లకు ఈ సంగతి కళ్లకు కట్టినట్టు అర్థమై ఉంటుంది. టామ్‌వర్త్ ఐదో స్థాయి లీగ్‌లోని పార్ట్ టైమ్ జట్టు. గోల్‌కీపర్ జాస్ సింగ్ భవనాల సర్వేయర్‌గా పనిచేసేవాడు. తొంభై నిమిషాలూ ప్రీమియర్ లీగ్ జట్టుకు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. మూడు గోల్స్ పడ్డది అదనపు సమయంలోనే.

అలాంటప్పుడు ఒకే లీగ్‌లో ఫుల్ టైమ్ జట్టే ఎప్పుడూ పైన ఉండాలి కదా?

ఉండాలి. ఉండదు. ఇక్కడే ఈ విషయం మీద నాకు ఇష్టం మొదలైంది.

ఫాల్కర్క్ సంగతి చూడండి. పెద్ద ఊరు, మంచి స్టేడియం, ఫుల్ టైమ్ జట్టు. 2019లో రెండో డివిజన్ నుంచి మూడో డివిజన్‌కు పడిపోయింది. చుట్టూ ఎక్కువగా పార్ట్ టైమ్ క్లబ్బులే కాబట్టి ఏడాదిలో తిరిగి పైకి వచ్చేస్తుందని అందరూ అనుకున్నారు. ఐదు సీజన్లు పట్టింది. 2020-21లో ఐదో స్థానం. ఆ ఏడాది నాలుగో స్థానం తెచ్చుకుని, పై డివిజన్‌లో చోటు కోసం ఆడే ప్లే ఆఫ్‌కు వెళ్లింది పార్ట్ టైమ్ క్లబ్ మాంట్రోస్. మరుసటి ఏడాది ఫాల్కర్క్ ఆరో స్థానానికి జారింది. చివరకు జాన్ మెక్‌గ్లిన్ మేనేజర్‌గా ఉండగా 2023-24లో లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా గెలిచింది, ఆ మరుసటి ఏడాదే రెండో డివిజన్ కూడా గెలిచి పైకి వెళ్లింది. ముందు నాలుగేళ్లూ ఫుల్ టైమే, గెలిచిన రెండేళ్లూ ఫుల్ టైమే. ట్రైనింగ్ గంటల్ని సరిగ్గా వాడుకునేవాళ్లు దొరికినప్పుడే వాటికి ఫలితం వచ్చింది.

దీనికి ఎదురుగా ఆర్‌బ్రోత్. స్కాట్లాండ్ తూర్పు తీరంలో చిన్న పట్టణం. వాళ్ల గేఫీల్డ్ మైదానం ఎంత సముద్రం పక్కన ఉంటుందంటే, గాలి గట్టిగా వీచే రోజు కెరటాల తుంపర గోడ దాటి లోపల పడుతుంది. ఈ జట్టు 2019లో మూడో డివిజన్ గెలిచి పైకి వచ్చి, ఐదు సీజన్లు రెండో డివిజన్‌లో నిలబడింది. మొత్తం పార్ట్ టైమ్‌గానే. మేనేజర్ డిక్ క్యాంప్‌బెల్, పక్కన అసిస్టెంట్‌గా అతని కవల సోదరుడు ఇయాన్. మొదట్లో చెప్పిన చెత్త లారీ డ్రైవర్ ఆ జట్టు వింగర్ బాబీ లిన్. 2021-22లో వాళ్లు నెలల తరబడి పట్టికలో మొదటి స్థానం కోసం పోరాడారు. ఏప్రిల్‌లో కిల్‌మార్నాక్ ఊళ్లో జరిగిన మ్యాచ్‌లో ఆఖరి నిమిషాల్లో గోల్ పడి 2-1తో ఓడిపోయారు, టైటిల్ కిల్‌మార్నాక్‌కు వెళ్లింది. తేడా రెండే పాయింట్లు. ఆ తర్వాత ప్లే ఆఫ్ సెమీఫైనల్‌లో ఇన్వర్‌నెస్ చేతిలో పెనాల్టీల్లో ఓడారు. ఓ పార్ట్ టైమ్ జట్టు దేశంలోని మొదటి పన్నెండు జట్లలోకి అంత దగ్గరగా వచ్చిందంటే, ఇప్పటికీ తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

అదెలా సాధ్యమైంది? అదృష్టమా?

అదృష్టం ఒక సీజన్‌కి పనిచేస్తుంది. ఐదు సీజన్లకు పనిచేయదు. అసలు కారణం జీతాల లెక్కలో ఉంది, చాలామంది దీన్ని గమనించరు.

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక ఆటగాడికి 28 ఏళ్లు, ఎలక్ట్రీషియన్‌గా ఏడాదికి 35 వేల పౌండ్లు వస్తున్నాయి. పార్ట్ టైమ్ క్లబ్ వారానికి 200 పౌండ్లు ఇస్తుంది, అంటే ఏడాదికి మరో పది వేలు. మొత్తం 45 వేలు. ఇప్పుడు అదే లీగ్‌లోని ఫుల్ టైమ్ క్లబ్ వారానికి 500 పౌండ్లు ఇస్తానంటుంది. ఏడాదికి 26 వేలు. ఉద్యోగం మానేయాలి. కాంట్రాక్ట్ ఏడాదే. ఇంటి లోను ఉన్నవాడు ఏం చేస్తాడు?

అంటే పార్ట్ టైమ్ ఆటగాడి రాబడిలో పెద్ద భాగం అతను పగలు పనిచేసే చోటి యజమానే కడుతున్నట్టు. 200 పౌండ్లకే పై స్థాయిలో ఆడగలిగిన అనుభవజ్ఞుడు దొరుకుతున్నాడు. ఫుల్ టైమ్ క్లబ్‌కి ఆ 500కి దొరికేది ఎక్కువగా ఇరవై ఏళ్ల కుర్రాడు, ఏ పెద్ద క్లబ్ అకాడమీయో వదిలేసినవాడు. కుర్రాళ్లు రోజూ ట్రైనింగ్ చేస్తారు, పెద్దవాళ్లు వారానికి రెండుసార్లు. చలికాలంలో, గాలిలో, బురదలో ఆట తెలిసినవాళ్లు చాలాసార్లు గెలుస్తారు.

పైగా ఇలాంటి జట్టులో మనుషులు మారరు. నాలుగైదేళ్లు కలిసి ఆడినవాళ్లకు ఎవరు ఎటు పరిగెడతారో చెప్పనక్కర్లేదు. మంగళవారం, గురువారం ట్రైనింగ్‌లో దొరకని సమయాన్ని ఏళ్ల పరిచయం పూడుస్తుంది. ఆర్‌బ్రోత్ మరో పని కూడా చేసింది. లివింగ్‌స్టన్ లాంటి ఫుల్ టైమ్ క్లబ్బుల నుంచి ఆటగాళ్లను లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా తెచ్చుకుంది. ఆ 2021-22లో జోయెల్ నూబుల్ అలా వచ్చినవాడే. జనవరిలో లివింగ్‌స్టన్ వెనక్కి పిలిపించుకుంది. లోన్ మీద ఆధారపడితే వచ్చే ఇబ్బంది అదే.

ఫుల్ టైమ్‌కి మారాలంటే క్లబ్‌కి ఎంత ఖర్చవుతుంది?

ఎంత తక్కువలో చేద్దామన్నా ఒక గీత దాటి కిందికి పోలేరు. ఫుల్ టైమ్ ఆటగాడు చట్టం దృష్టిలో ఉద్యోగి, కనీస వేతనం ఇవ్వాల్సిందే. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవాళ్లకు అది గంటకు 12.21 పౌండ్లు అయింది. ఆ రేటున వారానికి 30 గంటలు లెక్కేస్తే 366 పౌండ్లు. ఇరవై మంది జట్టుకు ఏడాదికి సుమారు 3 లక్షల 80 వేల పౌండ్లు. ఇది కనీసం మాత్రమే, మంచి ఆటగాళ్లు దీనికి రారు.

ఇప్పుడు రాబడి వైపు చూద్దాం. స్కాట్లాండ్ కింది డివిజన్లలో ఒక్కో జట్టు మిగతా తొమ్మిదింటితో నాలుగేసి సార్లు ఆడుతుంది, 36 మ్యాచ్‌లు, అందులో సొంత మైదానంలో 18. సగటున 800 మంది వచ్చి తలా 15 పౌండ్లు పెట్టి టికెట్ కొన్నారనుకుంటే 2 లక్షల 16 వేలు. గేటు డబ్బుతో ఆటగాళ్ల కనీస జీతాలే రావు. ఆపైన పగలు పనిచేసే కోచ్‌లు, ఫిజియో, పగటిపూట ట్రైనింగ్‌కి మైదానం, జిమ్ అద్దె, రోజూ భోజనాలు. లీగ్ ఇచ్చే డబ్బు, స్పాన్సర్లు, లాటరీ, క్లబ్ బార్, ఇవన్నీ కలిస్తేనే లెక్క దగ్గరకొస్తుంది. లేదా ఒకరి జేబులోంచి రావాలి.

మారి బాగుపడిన క్లబ్బులు లేవా?

ఉన్నాయి. ఇంగ్లండ్‌లో హారోగేట్ టౌన్ ఆరో స్థాయి లీగ్‌లో ఉండగానే 2017లో ఫుల్ టైమ్‌కి మారింది. 2018లో ఐదో స్థాయికి, 2020లో నాలుగో స్థాయికి వెళ్లింది. అప్పట్లో తండ్రి ఇర్వింగ్ వీవర్ చైర్మన్, కొడుకు సైమన్ వీవర్ మేనేజర్. మాంచెస్టర్ యునైటెడ్ మాజీ ఆటగాళ్లు సొంతం చేసుకున్న సాల్ఫర్డ్ సిటీ కూడా అదే 2017లో మారి 2019కల్లా నాలుగో స్థాయికి చేరింది. ఉత్తర ఐర్లాండ్‌లో లార్న్‌ను వ్యాపారవేత్త కెన్నీ బ్రూస్ 2017లో తీసుకున్నప్పుడు అది రెండో డివిజన్ జట్టు. ఫుల్ టైమ్ చేశాక 2023, 2024లో వరుసగా దేశపు టైటిల్ గెలిచింది.

ఈ మూడింటిలోనూ ఒక విషయం ఒకేలా ఉంది: వెనక డబ్బు పెట్టి, ఏళ్ల తరబడి ఓపిక పట్టే మనిషి లేదా మనుషులు. ఒక్క సీజన్ గేటు రాబడి బాగుందనో, కప్ మ్యాచ్‌లో పెద్ద జట్టు తగిలి టీవీ డబ్బు వచ్చిందనో ఫుల్ టైమ్‌కి వెళ్లడం వేరు. ఆ డబ్బు ఒకసారే వస్తుంది, జీతాలు ప్రతి నెలా పోతాయి.

రెండింటికీ మధ్య దారి లేదా?

ఉంది, హైబ్రిడ్ అంటారు. వారానికి రెండు మూడు ఉదయాలు ట్రైనింగ్, మధ్యాహ్నం నుంచి ఎవరి పని వాళ్లది. ఆటగాళ్లు అలసిపోకముందే మైదానానికి వస్తారు కాబట్టి ట్రైనింగ్ బాగుంటుంది. కానీ ఇది సొంత పని చేసుకునేవాళ్లకు, విద్యార్థులకు, జిమ్ ట్రైనర్లకు, సాయంత్రం పిల్లలకు కోచింగ్ ఇచ్చేవాళ్లకే కుదురుతుంది. స్కూల్ టీచర్‌కి, సైట్ మీద ఉండాల్సిన మేస్త్రీకి కుదరదు. హైబ్రిడ్‌కి మారిన రోజున జట్టులో సగం మందిని పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అది ముందే లెక్కపెట్టుకోవాలి.

గాయాల విషయంలో ఎవరు నయం?

చికిత్సలో ఫుల్ టైమ్ చాలా నయం. గాయపడిన ఆటగాడు రోజూ ఫిజియో దగ్గరకు వస్తాడు. పార్ట్ టైమ్‌లో వారానికి రెండు సాయంత్రాలే, మిగతా రోజులు ఫోన్‌లో చెప్పిన వ్యాయామాలు. ఇంకో బాధ కూడా ఉంది, దాని గురించి క్లబ్బులు తగినంత ఆలోచించవని నా అభిప్రాయం. చీలమండ బెణికితే రూఫింగ్ పనిచేసేవాడు నిచ్చెన ఎక్కలేడు. ఒక్క ట్యాకిల్‌తో ఇంటికొచ్చే రెండు జీతాలూ దెబ్బతింటాయి. కాంట్రాక్ట్ రాసుకునేటప్పుడే, గాయమైతే ఉద్యోగంలో పోయే డబ్బు సంగతేమిటని అడగాలి.

పార్ట్ టైమ్ నుంచి ఫుల్ టైమ్‌కి మారిన మొదటి ఏడాది ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రెండు రోజులకు అలవాటు పడ్డ శరీరం మీద ఒక్కసారిగా ఐదు రోజుల భారం వేస్తే తొడ వెనక కండరాలు ముందు లొంగిపోతాయి. నెమ్మదిగా పెంచాలి.

కృత్రిమ గడ్డి మైదానాలకూ దీనికీ సంబంధం ఏమిటి?

చాలా ఉంది. మామూలు గడ్డి మీద వారానికి రెండు ట్రైనింగ్‌లు, ఒక మ్యాచ్ ఆడితే జనవరికల్లా బురదే మిగులుతుంది. కృత్రిమ గడ్డి వేస్తే సొంత మైదానంలోనే ప్రాక్టీస్ చేసుకోవచ్చు, మిగతా సాయంత్రాలు ఊళ్లోవాళ్లకు అద్దెకివ్వచ్చు. చిన్న క్లబ్‌కి అది నమ్మకమైన ఆదాయం. చిక్కు పైకి వెళ్లినప్పుడే. ఇంగ్లండ్‌లో మొదటి నాలుగు స్థాయిల్లో కృత్రిమ గడ్డికి అనుమతి లేదు. 2021లో సటన్ యునైటెడ్ నాలుగో స్థాయికి వెళ్లినప్పుడు ఉన్న కృత్రిమ గడ్డిని పెకలించి మామూలు గడ్డి వేయాల్సి వచ్చింది. స్కాట్లాండ్ పై డివిజన్‌లో కూడా 2026-27 నుంచి వద్దని 2024లో క్లబ్బులు ఓటు వేశాయి.

నాకు పందొమ్మిదేళ్లు. ఫుల్ టైమ్ కాంట్రాక్ట్ ఇస్తామంటున్నారు. చదువు, ఉద్యోగం మానేయనా?

అన్ని ప్రశ్నల్లోకీ నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఇదే. ఎందుకంటే క్లబ్ లెక్క తప్పితే నష్టపోయేది చైర్మన్ కాదు, ఈ కుర్రాడు.

ఆట నేర్చుకోవడానికైతే ఆ వయసులో ఫుల్ టైమే మంచిది. రోజూ బంతితో గడిపే మూడు గంటలకు సాటి వచ్చేది లేదు. ఇరవై ఏడేళ్ల వాడికి వారానికి రెండు రోజులు సరిపోతాయేమో కానీ, పందొమ్మిదేళ్ల వాడికి సరిపోవు. కానీ ఏడాది కాంట్రాక్ట్ కోసం డిగ్రీ ఆఖరి ఏడాదినో, ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌షిప్‌నో సగంలో వదిలేయొద్దు. రెండేళ్ల కాంట్రాక్ట్ అడగండి. ఉద్యోగంలో జీతం లేని సెలవు దొరుకుతుందేమో కనుక్కోండి. చదువు దూరవిద్యకు మార్చుకోగలరేమో చూడండి. సంతకం పెట్టే ముందు ఆటగాళ్ల యూనియన్‌కి కాంట్రాక్ట్ చూపించండి. ఇంగ్లండ్‌లోనూ, స్కాట్లాండ్‌లోనూ పీఎఫ్ఏ ఉంది, వాళ్ల పనే అది.

ఇప్పుడు కాదంటే ఇక ఎప్పటికీ రాదన్న టెన్షన్ పెట్టుకోవద్దు. సెల్టిక్ వదిలేసిన ఆండీ రాబర్ట్‌సన్ 2012-13లో క్వీన్స్ పార్క్‌కి జీతం లేకుండా ఆడాడు, పగలు హాంప్‌డెన్ స్టేడియంలో ఫోన్లు ఎత్తే పని చేశాడు. 2017కి లివర్‌పూల్‌లో ఉన్నాడు. జేమీ వార్డీ స్టాక్స్‌బ్రిడ్జ్ అనే చిన్న క్లబ్‌కి వారానికి 30 పౌండ్లకు ఆడుతూ, శరీరానికి ఊతంగా కట్టే వైద్య స్ప్లింట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. 2016లో లెస్టర్‌తో ప్రీమియర్ లీగ్ గెలిచాడు. వీళ్లలా అందరూ అవుతారని చెప్పడం లేదు. పార్ట్ టైమ్‌లో ఉన్నంత మాత్రాన ఎవరూ చూడరనుకోవద్దని మాత్రం చెబుతున్నాను.

మన దగ్గర ఇలాంటి పద్ధతి ఎప్పుడైనా ఉందా?

ఉంది, అదీ హైదరాబాద్‌లో, మనం గర్వపడే స్థాయిలో. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఆటగాళ్లు పోలీసు శాఖ ఉద్యోగులు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఉపాధ్యాయుడు. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చారు, 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచారు. అదే రహీమ్ శిక్షణలో భారత్ 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచింది.

ఇది ఫుల్ టైమ్ కాదు, బ్రిటన్ తరహా పార్ట్ టైమ్ కూడా కాదు. ఉద్యోగం ఇచ్చేదీ, ఆడించేదీ ఒక్కరే. ఆట ఆగిపోయినా ఉద్యోగం ఉంటుంది. స్కాట్లాండ్ ఎలక్ట్రీషియన్ రెండు చోట్ల వెతుక్కునేది ఇక్కడ ఒకే చోట దొరికింది. బ్యాంకులు, రైల్వే, పోలీసు జట్లు ఎన్నో కుటుంబాలను నిలబెట్టాయి. క్లబ్ ఫుట్‌బాల్ పెరిగాక డిపార్ట్‌మెంట్ జట్ల ప్రాముఖ్యం తగ్గింది. ఆ భద్రత మాత్రం చాలా క్లబ్ కాంట్రాక్టుల్లోకి రాలేదు.

మా ఊరి క్లబ్ వచ్చే సీజన్ నుంచి ఫుల్ టైమ్ అని ప్రకటించింది. అభిమానిగా నేను ఏం అడగాలి?

మీటింగ్‌కి వెళ్లండి, చేయి ఎత్తి అడగండి. జీతాలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, అది ఎన్నేళ్లకు ఉంది? కింది డివిజన్‌కు పడిపోతే ఆటగాళ్ల జీతాలు ఏమవుతాయి? ఉద్యోగం వదలలేని పాత ఆటగాళ్లను ఏం చేస్తున్నారు? పగటి ట్రైనింగ్ ఏ మైదానంలో, ఫిజియో వారానికి ఎన్ని రోజులు? కుర్రాళ్లకు ఇస్తున్న కాంట్రాక్ట్ ఏడాదా, రెండేళ్లా? చైర్మన్ మొదటి ప్రశ్నకు అంకెలతో సమాధానం చెబితే సీజన్ టికెట్ కొనండి. చెప్పకపోయినా కొనండి కానీ, వచ్చే మీటింగ్‌లో మళ్లీ అదే ప్రశ్న అడగండి.